బడి చేతికిచ్చిన తెర – బాలల రక్షణ: అనుబంధ చతుష్టయం వెలుగులో ఒక నైతిక పరిశీలన

సారాంశం

చదువు కోసం ప్రభుత్వం గానీ పాఠశాల గానీ పిల్లల చేతికిచ్చే ట్యాబులు, కంప్యూటర్ల ద్వారా హానికరమైన దృశ్యాలు, రాతలు, అపరిచిత వ్యక్తులు వారిని చేరే ప్రమాదం ఉంది. దీనికి నివారణగా విషయాన్ని వడకట్టే సాఫ్ట్‌వేర్‌నూ, పిల్లల వాడకంపై నిఘానూ సూచించడం పరిపాటి. ఈ రెండూ అవసరమైన మేరకు అవసరమేననీ, అయితే ఇచ్చినవారి ధర్మం వీటితో తీరదనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. శాస్త్రగ్రంథాల ఆరంభంలో చెప్పే అనుబంధ చతుష్టయాన్ని, ఆలంకారికుల అశ్లీల చర్చను ఆధారంగా చేసుకుని, పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సామాజిక స్థితిగతుల నేపథ్యంలో ఈ ప్రశ్నను పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: అధికారి, అశ్లీలం, వడపోత, నిఘా, సమ్మతి, గురుకులం

ఉపోద్ఘాతం

తెలుగు పల్లెల్లో చదువుకు తొలి గుర్తు పలక. అక్షరాభ్యాసం నాడు బిడ్డ చేతికి పలక ఇచ్చిన పెద్దలకు ఒక ధీమా ఉండేది. పంతులు రాసినదో, బిడ్డ దిద్దినదో తప్ప ఆ పలక మీదకు మూడో రాత రాదు. నేడు బడి ఇస్తున్న ట్యాబు ఆకారానికి పలకే. కానీ దాని మీదకు వచ్చే రాతకు ఊరూ పేరూ ఉండవు. రాసినవాడు ఎవరో ఇచ్చినవారికీ తెలియదు, పుచ్చుకున్న బిడ్డకూ తెలియదు.

ఈ మార్పు తెలుగు నేల మీద కొద్ది సంవత్సరాలలోనే జరిగింది. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. అభ్యాస పత్రాలు వాట్సాప్‌లో వచ్చాయి. అంతవరకు పిల్లలకు అందకుండా పైన దాచిన ఫోను, బడి మాట మీద, వారి చేతిలోకి వచ్చింది. 2022లో అప్పటి మంత్రి కె. తారక రామారావు ‘గిఫ్ట్ ఎ స్మైల్’ కార్యక్రమంలో భాగంగా రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ప్రభుత్వ కళాశాలల ఇంటర్మీడియట్ విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబులు అందించారు. అదే సంవత్సరం డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో, ఎనిమిదో తరగతి విద్యార్థులకూ వారి ఉపాధ్యాయులకూ కలిపి సుమారు 5.18 లక్షల ట్యాబుల పంపిణీ ప్రారంభించింది. అనవసర విషయాలను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ వాటిలో ఉందనీ, పిల్లలు ఏం చూస్తున్నారో పెద్దలు తెలుసుకోవచ్చనీ అప్పుడు ప్రకటించారు. తరువాతి కాలంలో కొన్నిచోట్ల పిల్లలు ఆ సాఫ్ట్‌వేర్‌ను తప్పిస్తున్నారని పత్రికలలో వార్తలు వచ్చాయి.

ఆ ప్రకటనలో రెండు ఉపాయాలు ఉన్నాయి: వడపోత, నిఘా. ఆ వార్తలలో ఒక ప్రశ్న ఉంది. ఉపాయం విఫలమైన చోట బిడ్డకు జరిగిన హానికి జవాబుదారీ ఎవరు? పరికరం ఇచ్చినవారా, సాఫ్ట్‌వేర్ చేసినవారా, ఇంట్లో చూసుకోలేకపోయిన తల్లిదండ్రులా, లేక తప్పించుకు తిరిగిన బిడ్డా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ముందు, ఇవ్వడం అనే క్రియ ఎటువంటిదో నిర్ణయించుకోవాలి.

ఇవ్వడంలోని బాధ్యత

తండ్రి కొనిచ్చిన ఫోనుకూ బడి ఇచ్చిన ట్యాబుకూ నైతికంగా పెద్ద అంతరం ఉంది. ఇంటి ఫోనును తల్లిదండ్రులు తమ ఎరుక మేరకు ఎంచుకుంటారు, వద్దనుకుంటే మానుకుంటారు. బడి ఇచ్చిన పరికరాన్ని పుచ్చుకోవడంలో బిడ్డకు ఆ స్వేచ్ఛ లేదు. పాఠం అందులో ఉంది, పరీక్ష అందులో ఉంది. దానిని కాదనడం అంటే చదువును కాదనడమే. తల్లిదండ్రులు కూడా ‘సారు ఇచ్చిండు గదా’ అన్న నమ్మకంతోనే దానిని ఇంట్లోకి రానిస్తారు. ఆ నమ్మకం పరికరం మీద పెట్టుకున్నది కాదు, బడి మీద పెట్టుకున్నది.

దీనిని దానం అనడం కూడా సరికాదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల బాలలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా నిలిపింది. హక్కుగా రావలసినదాన్ని అందించేటప్పుడు ఇచ్చేవారు దాతలు కారు, ధర్మకర్తలు. దాత వస్తువు ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. ధర్మకర్తకు ఆ వీలు లేదు. ఇచ్చిన వస్తువు వల్ల కలిగే ఫలితానికి కూడా ఆయన లెక్క చెప్పాలి. మధ్యాహ్న భోజనంలో కలుషితమైన పప్పు వడ్డిస్తే, సరుకు అమ్మిన వర్తకుడి తప్పు ఎంత ఉన్నా, బడి బాధ్యత తొలగిపోదు. తెర మీద వడ్డించే దానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. కాబట్టి రక్షణ భారం మొదట ఇచ్చినవారిది. ఆ భారాన్ని ఎలా మోయాలన్నదే చర్చనీయాంశం.

హాని, అశ్లీలం, అధికారి

దేని నుంచి రక్షణ అన్నది తేలితే గాని ఎలా రక్షించాలన్నది తేలదు. భారతీయ ఆలంకారికులు అశ్లీలాన్ని కావ్యదోషాలలో చేర్చి, దానిని వ్రీడ, జుగుప్స, అమంగళం అని మూడు విధాలుగా విభజించారు. సిగ్గు కలిగించేది, రోత పుట్టించేది, అశుభాన్ని తలపించేది అని వీటి అర్థం. వారి చర్చ పదాలకు, వాక్యాలకు సంబంధించినదే అయినా, ఆ మూడింటిలోనూ లక్షణం వినేవాని మనసులో కలిగే స్పందనను బట్టి ఏర్పడిందన్నది గమనార్హం. నేటి తెరకు దీనిని అన్వయిస్తే, లైంగిక దృశ్యాలు మొదటి కోవకు, హింసా దృశ్యాలు రెండవ కోవకు, ఆత్మహత్యను ప్రేరేపించే రాతలు మూడవ కోవకు చేరతాయి.

ఆలంకారికులు మరొక మాట కూడా చెప్పారు. అశ్లీలం అనిత్యదోషం. అన్ని సందర్భాలలోనూ అది దోషం కాదు. శాంతరస ప్రధానమైన కథలో దేహంపై జుగుప్స కలిగించే వర్ణన గుణమే అవుతుంది. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం చదివే బిడ్డకు దేహభాగాల పేర్లు అశ్లీలం కావు. అదే పేర్లు అపరిచితుడి సందేశంలో వస్తే హాని. పదం ఒకటే, సందర్భం వేరు.

హానిని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నకు తెలుగు సాహిత్య చరిత్రలో ఒక చేదు పాఠం ఉంది. తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురింపజేశారు. 1911లో ఆంగ్ల ప్రభుత్వం దానిని అశ్లీల గ్రంథంగా నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. అంతకుముందే కందుకూరి వీరేశలింగం ఆ కవయిత్రిని నీతి దృష్టితో తూలనాడారు. ఎదిగిన పాఠకులను పసివాళ్లుగా భావించి, వారి మేలు పేరిట ఒక స్త్రీ గొంతును మూడున్నర దశాబ్దాలు మూసివేసిన ఉదంతం ఇది. రక్షణ అనే మాట వినగానే ఎవరి నుంచి, ఎవరికోసం, ఎవరి నిర్ణయంతో అని అడగడం ఈ చరిత్ర నేర్పిన జాగ్రత్త.

అయితే ఈ ఉదాహరణ చూపి పిల్లలకు కూడా ఏ హద్దూ వద్దనడం అతివ్యాప్తి అవుతుంది. పెద్దలకూ పిల్లలకూ గల భేదాన్ని మన శాస్త్రకారులు ‘అధికారి’ అనే భావనతో గుర్తించారు. శాస్త్రారంభంలో అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగింటిని చెప్పడం సంప్రదాయం. దీనికే అనుబంధ చతుష్టయం అని పేరు. ఈ గ్రంథం ఎవరికి, దేని గురించి, ఆ రెంటికీ పొందిక ఏమిటి, ఫలం ఏమిటి అన్నవి తేలకుండా బోధ మొదలుకాదు. ఇక్కడ అధికారం అంటే ఏలుబడి కాదు, అందుకోగల యోగ్యత. అది పుట్టుకతో ముడిపడి కొందరికి చదువునే నిరాకరించిన చరిత్ర ఉన్నది. ఆ భాగాన్ని విసర్జించి, వయసుతో, పక్వతతో పెరిగే యోగ్యతగా మాత్రమే దానిని నేడు స్వీకరించాలి. ఎనిమిదేళ్ల బిడ్డకు తగనిది పదహారేళ్లకు తగవచ్చు. రేపు తగేదానికి బిడ్డను సిద్ధం చేయడం కూడా బోధలో భాగమే.

వడపోత: పరిధి, పరిమితి

వడపోత సాఫ్ట్‌వేర్ ఈ నాలుగింటిలో ఒక్క విషయాన్నే చూస్తుంది. అది పనిచేసే తీరు స్థూలంగా మూడు విధాలు. నిషిద్ధ చిరునామాల జాబితా పెట్టుకుని వాటిని మూయడం ఒకటి. అనుమతించిన కొన్నింటిని తప్ప మరేదీ తెరవనీయకపోవడం రెండవది. పదాలనూ చిత్రాలనూ యంత్రంతో పోల్చి అనుమానం వచ్చినదాన్ని ఆపడం మూడవది. మొదటిదానికి నిన్నటి హాని తెలుసు, నేటిది తెలియదు. రెండవది భద్రమే గాని పరికరాన్ని మళ్లీ పలకగా మారుస్తుంది. వెదికి తెలుసుకునే చదువుకు అందులో చోటుండదు. మూడవది సందర్భం ఎరగదు. ఋతుస్రావం గురించి చదవబోయిన బాలికను అది ఆపవచ్చు. తీయని మాటలతో దగ్గరవుతున్న అపరిచితుడిని వదిలిపెట్టవచ్చు. అతని మాటలలో ఒక్క నిషిద్ధ పదమూ ఉండదు.

భాష దగ్గర ఈ పరిమితి మరింత స్పష్టమవుతుంది. ఆంగ్ల పదాల మీద అల్లిన జాబితాకు ఆంగ్ల లిపిలో రాసిన తెలంగాణ తిట్టు అర్థం కాదు. ఉట్నూరు, జైనూరు, నార్నూరు ప్రాంతాలలో గోండి, కొలామి, లంబాడి, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒకే బడి ఆవరణలో వినిపిస్తాయి. వీటిలో ఏ భాషలో బిడ్డను బెదిరించినా ఆ జాబితాకు వినబడదు. బిడ్డ భాష ఎరగని కాపలాదారు బిడ్డకు ఎంతవరకు కాపలా కాయగలడు? ఆదిలాబాద్‌కు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1940వ దశకంలో నిజాం ప్రభుత్వం తరఫున ఇక్కడ పనిచేసిన హైమన్‌డార్ఫ్, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం నెలకొల్పి, గోండి భాషలో వాచకాలు తయారు చేయించాడు. బయటి నుంచి తెచ్చే చదువు బిడ్డ భాషలో, బిడ్డ ఎరిగిన మనిషి ద్వారా రావాలన్న సూత్రం అందులో ఉంది. చదువుకు వర్తించిన సూత్రం చదువుతో వచ్చే హాని నుంచి రక్షణకూ వర్తించాలి.

ఇంతమాత్రాన వడపోత వ్యర్థమని తీర్మానించరాదు. చిన్నపిల్లల కంట పొరపాటున పడే దృశ్యాలలో చాలా భాగాన్ని అది ఆపగలదు. బావికి గోడ కట్టడం అవసరమే. అమెరికాలో 2000 సంవత్సరపు బాలల అంతర్జాల రక్షణ చట్టం, అంతర్జాల సదుపాయానికి కేంద్రం నుంచి రాయితీ పొందే బడులు, గ్రంథాలయాలు వడపోత పెట్టుకోవాలని విధించింది. గ్రంథాలయాల అభ్యంతరాన్ని 2003లో అక్కడి సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అయినా 2008లో మరొక చట్టం ద్వారా, అంతర్జాలంలో మెలగవలసిన తీరును బడులు పిల్లలకు బోధించాలన్న నిబంధనను చేర్చవలసి వచ్చింది. గోడ కట్టినవారే ఈత కూడా నేర్పాలని తెలుసుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

నిఘా: కంచె ధర్మం

వడపోత చాలనప్పుడు రెండవ ఉపాయం ముందుకు వస్తుంది. బిడ్డ ఏం చూసిందో, ఎవరితో మాట్లాడిందో పరికరమే నమోదు చేసి పెద్దలకు చెబుతుంది. దీని పక్షాన బలమైన వాదమే ఉంది. చనిపోవాలన్న ఆలోచనతో ఏదో వెదుకుతున్న బిడ్డను సకాలంలో గుర్తించగలిగితే ఒక ప్రాణం నిలుస్తుంది. ప్రాణం ముందు గోప్యత చిన్నదని తల్లులు అనుకోవడం సహజం.

కానీ కంచె చేను మేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో లోయర్ మెరియన్ అనే పాఠశాలల జిల్లా తన ఉన్నత పాఠశాల విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. పోయిన పరికరాలను కనిపెట్టడానికని వాటిలో ఉంచిన ఏర్పాటు, పిల్లలకూ తల్లిదండ్రులకూ చెప్పకుండా, ఇళ్లలో ఉన్న పిల్లల చిత్రాలను కెమెరా ద్వారా తీసింది. ఆ చిత్రాలు వేల సంఖ్యలో ఉన్నట్లు తేలింది. 2010లో ఆ జిల్లా 6,10,000 డాలర్లు చెల్లించి వ్యాజ్యాన్ని పరిష్కరించుకుంది. హాని చేయాలన్న ఉద్దేశం అక్కడ రుజువు కాలేదు. చెప్పకుండా చూడటమే అక్కడ హాని.

భారతదేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్లలోపు బాలల సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసి, బాలల జాడ తీయడాన్నీ వారి ప్రవర్తనపై నిఘానూ నిషేధించింది. 2025 నవంబర్‌లో వెలువడిన నియమాలు విద్యాసంస్థలకు ఇందులో మినహాయింపు ఇచ్చాయి. బోధన కోసం, పిల్లల భద్రత కోసం అవి గమనించవచ్చు. అంటే వ్యాపారికి చట్టం మూసిన తలుపు బడికి తెరిచి ఉంది. చట్టం బడిని నమ్మింది. నమ్మినప్పుడు నైతిక భారం పెరుగుతుందే గాని తగ్గదు.

నిఘాలోని అసలు చిక్కు గోప్యతతో ముగియదు. తనను చూస్తున్నారని ఎరిగిన బిడ్డ రెండు విషయాలు నేర్చుకుంటుంది: దొరకకుండా చూడటం, దొరికితే అబద్ధమాడటం. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్నట్లు, ప్రతి తాళానికీ ఒక మారు తాళం పుడుతుంది. తాళం తీసిన తర్వాత బిడ్డకు ఏదైనా జరిగితే, దానిని చెప్పుకోవడం అంటే ముందు తాళం తీసిన నేరాన్ని ఒప్పుకోవడం. హాని చేసినవాడికి ఆ మౌనమే ఆయుధం. ‘ఎవరికైనా చెబితే నువ్వే దొరుకుతావు’ అని అతడు బెదిరించగలడు. పట్టుకోవడానికి పెట్టిన నిఘా బిడ్డ నోరు మూయిస్తే, అది రక్షణకు విరోధిగా మారినట్లే.

సమ్మతి ఇచ్చే ఇల్లు

చట్టమూ సాఫ్ట్‌వేరూ రెండూ ఒక ఇంటిని ఊహించుకుంటాయి. ఆ ఇంట్లో తల్లిదండ్రులు ఉంటారు, చదవగలరు, పరికరాన్ని ఎరుగుదురు, సాయంత్రం బిడ్డ పక్కన కూర్చోగలరు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఆ ఇల్లు ప్రతి వీధిలోనూ కనిపించదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి దశాబ్దాలుగా మగవారు గల్ఫ్ దేశాలకు వలస పోతున్నారు. అదే పల్లెల్లో తల్లులు పొద్దస్తమానం బీడీలు చుడతారు. గోదావరిఖని, మంచిర్యాల బొగ్గుబావులలో తండ్రి పని మారుతున్న పాళీల మీద నడుస్తుంది. ఏజెన్సీ గూడేల పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, వేలాదిమంది దళిత, బహుజన పిల్లలు గురుకులాల్లో ఇంటికి దూరంగా పెరుగుతారు.

ఒక ఉదాహరణను ఊహించవచ్చు. తండ్రి దుబాయిలో ఉన్నాడు. బిడ్డకు బాపు అంటే రాత్రి పూట తెర మీద కనిపించే ముఖం. తల్లి బీడీలు చుడుతుంది, నాయనమ్మకు చదువు రాదు. బడి నుంచి వచ్చిన సమ్మతి పత్రం మీద తల్లి సంతకమో వేలిముద్రో పడుతుంది. ఆ ఇంట్లో తెరను నడపగలిగిన వ్యక్తి ఒక్కరే, ఏ బిడ్డ రక్షణ కోసం సమ్మతి అడిగారో ఆ బిడ్డే. తెరను చెడ్డదిగా చిత్రించే ప్రసంగం కూడా ఈ ఇంటికి సరిపడదు. ఆ తెరలోనే తండ్రి ఉన్నాడు.

ఇక్కడ తల్లి సమ్మతి చట్టం దృష్టిలో చెల్లవచ్చు. నైతికంగా అది బాధ్యతను ఆమెకు బదిలీ చేయదు. తెలియనిదానికి ఇచ్చిన సమ్మతి నమ్మకం మాత్రమే. నమ్మకాన్ని సంతకంగా మార్చుకుని, రేపు హాని జరిగిన నాడు ‘మీరే ఒప్పుకున్నారు’ అని ఆ కాగితం చూపడం ధర్మకర్త చేయవలసిన పని కాదు. గురుకులంలో ఈ విషయం ఇంకా స్పష్టం. అక్కడ బడే ఇల్లు. తల్లిదండ్రుల బాధ్యత అంటూ చూపించడానికి అక్కడ మరొకరు లేరు.

పరికరమే వద్దన్న పక్షం

ఇంత చిక్కు ఉన్నప్పుడు పరికరాన్నే ఇవ్వకపోతే పోదా అన్న పక్షం ఒకటి ఉంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్లలోపు వారికి సామాజిక మాధ్యమాల ఖాతాలను నిషేధించింది. చిన్న వయసులో తెర ఎంత తక్కువైతే అంత మేలన్న మాటలో సత్యం ఉంది. ప్రాథమిక తరగతులకు పుస్తకం, పలక, నేల మీద ఆట సరిపోతాయనడంలోనూ పెద్ద అభ్యంతరం ఉండనక్కరలేదు.

అయితే పెద్ద తరగతులకు ఇదే మాట చెప్పినప్పుడు ఎవరు నష్టపోతారో చూడాలి. కరీంనగర్ పట్టణంలో ప్రైవేటు బడికి వెళ్లే బిడ్డకు బడి ఇవ్వకపోయినా ఇంట్లో పరికరం ఉంటుంది. ఏజెన్సీలోని బిడ్డకు బడి ఇచ్చినదే మొదటి గ్రంథాలయం కావచ్చు. 2019లో కేరళ హైకోర్టు, వసతిగృహంలో ఫోను ఆంక్షలను వ్యతిరేకించిన విద్యార్థిని ఫహీమా షిరిన్ కేసులో, అంతర్జాల వినియోగం విద్యాహక్కులోనూ గోప్యతా హక్కులోనూ భాగమని చెప్పింది. ఆమె కళాశాల విద్యార్థిని. ఆ తీర్పును పసిపిల్లలకు యథాతథంగా అన్వయించలేం. అయినా ఆడపిల్లల భద్రత పేరిట విధించే ఆంక్షలు వారి చదువునే ఎలా కుదిస్తాయో అది చూపింది. నార్నూరు మండలం గుంజాలలో వెలుగుచూసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. గోండు బిడ్డ తన భాషను తన లిపిలో తెర మీద చదువుకునే మార్గం తెరచుకుంది. హాని భయంతో తెరను పూర్తిగా మూస్తే ఈ తలుపు కూడా మూతపడుతుంది.

సంబంధమే రక్షణ

అనుబంధ చతుష్టయంలో మూడవదైన సంబంధానికి శాస్త్రంలో గ్రంథానికీ దాని విషయానికీ గల ప్రతిపాదక ప్రతిపాద్య భావం అని అర్థం. ఈ వ్యాసం దానిని మరొక అడుగు ముందుకు తీసుకువెళ్లి, విషయాన్ని అందించినవారికీ అందుకున్న బిడ్డకూ మధ్య ఉండవలసిన బాంధవ్యంగా స్వీకరిస్తున్నది. వడపోత విషయాన్ని చూస్తుంది. నిఘా అధికారిని అనుమానితుడిగా చూస్తుంది. సంబంధాన్ని నిలబెట్టే పని ఏ యంత్రమూ చేయలేదు. చూడరానిది చూసిన బిడ్డ ఆ రాత్రో మర్నాడో ఒక మనిషి దగ్గరకు వచ్చి చెప్పగలిగితే, హాని అక్కడికి ఆగే అవకాశం ఉంది. చెప్పలేకపోతే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్నా అది పెరుగుతుంది. కాబట్టి ఒక బడి రక్షణ ధర్మాన్ని నెరవేర్చిందా లేదా అని తేల్చడానికి గీటురాయి ఇది: శిక్ష భయం లేకుండా చెప్పుకోవడానికి బిడ్డకు ఆ బడిలో ఒక మనిషి ఉన్నారా?

వీధిబడి పంతులు కఠినుడే కావచ్చు. కానీ ధర్మపురి శేషప్ప నరసింహ శతకం నుంచో, వేమన పద్యాల నుంచో ఏ పద్యం ఏ బిడ్డకు చెప్పాలో ఎంచుకున్నది ఆయనే. శతకాలలో బాలల వాచకాలకు ఎక్కని పద్యాలు అనేకం ఉన్నాయి. బిడ్డ ఎక్కడో విని వచ్చి అడిగితే, కసిరినా దాటవేసినా వివరించినా, ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. తెర ఆ మనిషిని మధ్య నుంచి తొలగించింది. అతనిని తిరిగి నిలబెట్టడం ఇచ్చినవారి విధి.

ఈ విధి నుంచి కొన్ని నిర్దిష్టమైన కర్తవ్యాలు ఏర్పడతాయి. పరికరం ఇచ్చే రోజున, దానిలో ఏ వడపోత ఉందో, ఏది నమోదవుతుందో, దానిని ఎవరు చూస్తారో బిడ్డకు బిడ్డ భాషలో చెప్పాలి. చెప్పని నిఘా పెట్టకూడదు. కెమెరాను, ఇంటి ఏకాంతాన్ని ఏ పేరుతోనూ తాకకూడదు. తాళం తప్పించిన తప్పునూ, హానికి గురైన స్థితినీ వేరుచేయాలి. హాని గురించి చెప్పడానికి వచ్చిన బిడ్డను తాళం గురించి దండించరాదు. తప్పుగా మూసుకున్న పాఠాన్ని తెరిపించుకునే మార్గం విద్యార్థికి ఉండాలి. దేహం గురించి, స్పర్శ గురించి, మోసం గురించి తరగతి గదిలో వయసుకు తగినట్లు మాట్లాడాలి. బాలలపై లైంగిక దోపిడీ దృశ్యాల విషయమై 2024 సెప్టెంబర్ 23న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు లైంగిక విద్య అవసరాన్ని కూడా ప్రస్తావించింది. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం పాఠశాల విద్యార్థులను సైబర్ అంబాసిడర్లుగా తీర్చిదిద్దే ప్రయత్నం చేసింది. పిల్లలు తోటి పిల్లలకే మొదట చెప్పుకుంటారన్న ఎరుక అందులో ఉంది.

ఇక్కడ ఒక కఠినమైన సత్యాన్ని దాటవేయరాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం బాలలపై లైంగిక నేరం గురించి తెలిసినవారు దానిని పోలీసులకు తెలియజేయాలి. ‘ఎవరికీ చెప్పను, నాతో చెప్పు’ అని ఉపాధ్యాయుడు మాట ఇస్తే, ఆ మాట చట్టం ముందు నిలవదు. బిడ్డ ముందు అబద్ధమవుతుంది. నమ్మకం పేరిట మోసం చేయడం నిఘా కంటే హీనం. అందువల్ల ఉపాధ్యాయుడు ఇవ్వగలిగిన మాట మరొకటి ఉంది: ‘చెప్పవలసిన చోట చెబుతాను, కానీ నీకు తెలియకుండా చెప్పను, నిన్ను ఒంటరిగా వదలను.’ గోప్యతను పూర్తిగా వాగ్దానం చేయలేని చోట కూడా తోడును వాగ్దానం చేయవచ్చు. బిడ్డకు కావలసింది బహుశా అదే.

ఈ పని ఉపాధ్యాయుల నెత్తిన మరో బరువు కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఏకోపాధ్యాయ పాఠశాలలున్న గూడేలలో అన్నీ ఒకరే చేయాలనడం అన్యాయం. కనుక పరికరాల ఖర్చుతో పాటే ఈ మనిషి ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవాలి. బిడ్డ భాష తెలిసిన సలహాదారు మండలానికి ఒకరైనా ఉండాలి. బాలల సహాయవాణి 1098, సైబర్ నేరాల సహాయవాణి 1930 ట్యాబు వెనుక అంటించిన కాగితంగా మిగిలిపోకుండా, ఫోను చేస్తే ఏమవుతుందో బిడ్డకు ముందే తెలిసి ఉండాలి. పరికరానికి డబ్బుండి, మనిషికి డబ్బు లేదనే ప్రణాళిక సగం పని మాత్రమే చేసినట్లు.

ముగింపు

బడి ఇచ్చిన పరికరంలో బాలల రక్షణ మొదట ఇచ్చినవారి ధర్మమనీ, సమ్మతి పత్రంతో అది తల్లిదండ్రులకు బదిలీ కాదనీ ఈ పరిశీలనలో తేలింది. వడపోత అవసరమే గాని అది విషయాన్ని మాత్రమే ఎరుగును. సందర్భాన్నీ బిడ్డ భాషనూ ఎరగదు. నిఘా పరిమితంగా, చెప్పి చేసినంతవరకే సహ్యం. చెప్పకుండా చేసినది బిడ్డ నోటిని మూయించి తన ప్రయోజనాన్ని తానే చెరుపుకుంటుంది. పరికరాన్ని పూర్తిగా నిరాకరించడం అసమానతను పెంచుతుంది. చెప్పుకోదగిన మనిషిని చూపించడంతో గాని ఇచ్చినవారి ధర్మం పూర్తికాదు.

ట్యాబు పుచ్చుకున్న రోజున బడిలో ఒక రిజిస్టరు ఉంటుంది. అందులో విద్యార్థి పేరు, పరికరం సంఖ్య, తల్లి సంతకం లేదా వేలిముద్ర ఉంటాయి. దుబాయిలో తండ్రి ఉన్న ఆ బిడ్డ పేరు కూడా ఆ వరుసలో ఉంటుంది. ఆ రిజిస్టరులో మరొక గడి చేర్చడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు: ఈ తెరలో నీకు భయం వేసినది కనిపిస్తే ఎవరి దగ్గరకు రావాలి? ఆ గడిలో ఒక పేరు రాసి, ఆ పేరు గలవారు బిడ్డ ఎదుట నిలబడి సంతకం చేసిన నాడు, తల్లి పెట్టిన వేలిముద్రకు బడి తన వంతు బదులు ఇచ్చినట్లవుతుంది.